ఒకటో తారీకు వెనకాల ఉన్న మనిషి

2020 మార్చి 22 సాయంత్రం ఐదింటికి మనమంతా గుమ్మాల్లోకీ, డాబాల మీదకీ వచ్చి చప్పట్లు కొట్టాం. పళ్ళాలూ గరిటెలూ మోగించాం. డాక్టర్లు, నర్సులు, పోలీసులు, వీధులు ఊడ్చేవాళ్ళు... వాళ్ళకెంత చేసినా తక్కువే. కానీ ఆ చప్పట్లలో వాటా దక్కని మనిషి ఒకరున్నారు. ఆ గడ్డు రోజుల్లో మీ ఇంటికి జీతం డబ్బులు వచ్చాయంటే అందులో ఆ మనిషి చెయ్యి ఉంది. ఎవరంటారా? ఆఫీసులో ఓ మూల బల్ల దగ్గర కూర్చుని పద్దులు చూసే అకౌంటెంటు.

"లెక్కలు రాయడం కూడా అత్యవసర సేవేనా?" అని మీరు నవ్వొచ్చు. ఒక్కసారి ఆ రోజులు గుర్తు చేసుకోండి.

మార్చి నెల కష్టాలు

లాక్‌డౌన్ మొదలైంది మార్చి 25న. మార్చి 31తో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది. అకౌంటెంట్లకి ఆ చివరి వారం పెళ్ళివారిల్లే! సరిగ్గా అప్పుడే ఆఫీసులకి తాళాలు పడ్డాయి. బిల్లులు, వోచర్లు, చెక్కు పుస్తకాలు లోపలే ఉండిపోయాయి. కేంద్రం ప్రకటించిన మినహాయింపుల జాబితాలో బ్యాంకులున్నాయి, ట్రెజరీలున్నాయి. ప్రైవేటు కంపెనీ అకౌంటెంటు మాత్రం లేడు. లేడని పని ఆగుతుందా? జీతాలు వెయ్యాలి, సరుకిచ్చిన వాళ్ళకి బాకీ తీర్చాలి, పన్ను కట్టాలి. ఇంట్లో డైనింగు టేబులే ఆఫీసయింది. ఆ అకౌంటెంటు ఆడమనిషి అయితే ఇక చెప్పాలా? ఓ పక్క పొయ్యి మీద పప్పు, ఇంకో పక్క పిల్లల ఆన్‌లైన్ క్లాసు, మధ్యలో జీతాల పట్టీ.

ప్రభుత్వం గడువులు పెంచింది, నిజమే. కానీ గడువు పెరిగిన ప్రతిసారీ పని తరగలేదు, సాగింది. ఆ ఏడాది మామూలు ఉద్యోగుల ఇన్‌కంటాక్స్ రిటర్నుల తేదీ జులై 31 నుంచి నవంబరు 30కి, తర్వాత డిసెంబరు 31కి, చివరికి 2021 జనవరి 10కి జరిగింది. శ్రావణమాసంలో అయిపోవాల్సిన పని సంక్రాంతి ముగ్గుల దాకా వచ్చిందన్నమాట!

సగం జీతం లెక్క

మన రెండు రాష్ట్రాల్లో ప్రభుత్వోద్యోగుల ఇళ్ళకి ఆ ఏప్రిల్ బాగా గుర్తుంటుంది. మార్చి 30న తెలంగాణ, 31న ఆంధ్రప్రదేశ్ జీతాల్లో కొంత ఆపుతున్నట్టు ప్రకటించాయి. చాలామంది ఉద్యోగులకి సగం, నాలుగో తరగతి సిబ్బందికి పది శాతం, ఐ.ఏ.ఎస్. అధికారులకి అరవై శాతం. ఒకటో తారీకు గుమ్మంలో ఉండగా ఎవరికెంత కోయాలో, ఎంత ఇవ్వాలో లెక్క తేల్చాల్సింది ఆఫీసుల్లో బిల్లులు చేసే గుమాస్తాలూ, ట్రెజరీ సిబ్బందీ. ఆంధ్రప్రదేశ్‌లో ఆపిన జీతాలూ పింఛన్లూ 6 శాతం వడ్డీతో చెల్లించమని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు ఆ వడ్డీ లెక్క కట్టాల్సిందీ వీళ్ళే. మనకి కోత కనిపించింది, కోపం వచ్చింది. ఆ కోతని పైసలతో సహా గుర్తుపెట్టుకున్న పద్దు మాత్రం మన కంటికి ఆనలేదు.

చిన్న కంపెనీల సంగతి చూడండి. నూరుమంది లోపు పనివాళ్ళుండి, వాళ్ళలో తొంభై శాతం మందికి జీతం పదిహేను వేల లోపయితే, ఆ చిన్న జీతగాళ్ళ పి.ఎఫ్. వాటా, యజమాని వాటా రెండూ కలిపి 24 శాతం తానే కడతానని 2020 మార్చి 26న కేంద్రం చెప్పింది. మంచి మాటే. అయితే అది దానంతటది రాలేదు. జీతాలు ఇచ్చామని ధ్రువీకరిస్తూ కంపెనీ నెలనెలా రిటర్ను దాఖలు చెయ్యాలి. అకౌంటెంటు ఇంట్లో కూర్చుని ఆ పని చేసిన చోట పనివాడికి సాయం అందింది. చెయ్యని చోట ప్రకటన ప్రకటనగానే మిగిలింది.

అన్నిటికంటే బరువైన పని

2021 వేసవిలో రెండో ఉద్ధృతి ఎన్ని ఇళ్ళని కూల్చిందో మీకు చెప్పక్కర్లేదు. సంపాదించే మనిషి పోయిన ఇంట్లో, పదిరోజులన్నా గడవకముందే కాగితాలు ముందుకొచ్చాయి. పి.ఎఫ్. డబ్బుకొకటి, కుటుంబ పింఛనుకొకటి, ఉద్యోగితో ముడిపడిన బీమాకొకటి. ఆ బీమా గరిష్ఠ మొత్తం అప్పటికి ఏడు లక్షలు. అంత డబ్బు వస్తుందన్న సంగతి కూడా తెలియని భార్యలెందరో!

పెళ్ళికి ముందు ఇంటిపేరుతో ఒక కార్డు, పెళ్ళయ్యాక ఇంటిపేరుతో ఇంకో కార్డు ఉంటే దరఖాస్తు తిరిగొస్తుంది. పుట్టిన తేదీ తేడా వచ్చినా అంతే. అలాంటప్పుడు "అమ్మా, ఏడవకండి, ఈ కాగితం తెండి, ఇక్కడ సంతకం పెట్టండి" అని ఫోనులో ఓపిగ్గా చెప్పి, కంపెనీ తరఫు కాగితాలు పూర్తి చేయించిన వాళ్ళలో ఎంతోమంది అకౌంట్స్ విభాగం వాళ్ళే. అది అత్యవసర సేవ కాకపోతే మరేమిటి?

పల్లెల్లోనూ ఈ మనుషులున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో మనిషికి మూడు మాస్కుల చొప్పున పంచాలనుకున్నప్పుడు వాటిని కుట్టింది స్వయం సహాయక సంఘాల మహిళలు. ఎవరు ఎన్ని కుట్టారు, ఎవరికెంత కూలి రావాలి అని రాసినవాళ్ళు లేకపోతే ఆ కష్టం గాలికి పోయేది.

మరి మనం చెయ్యాల్సింది?

పళ్ళాలు మోగించమని చెప్పడం లేదు. మీ ఇంట్లో, మీ పక్కింట్లో లెక్కలు చూసే మనిషి ఉంటే మార్చి, జులై నెలల్లో కాస్త కనిపెట్టుకుని ఉండండి. రాత్రి పదింటికి ఇల్లు చేరే మనిషికి వేడి అన్నం పెద్ద సాయం. మీ ఆడిటరు గారి దగ్గరికి గడువు చివరి రోజున బిల్లుల సంచి పట్టుకుని పరిగెత్తకండి.

ఇక మీ కోసం ఒక మాట. ఈ ఆదివారం ఓ గంట తీరిక చేసుకుని ఒక అట్ట ఫైలు తీయండి. మీవారి జీతం స్లిప్పులు, పి.ఎఫ్. నంబరు, బీమా పాలసీలు, బ్యాంకు పాసు పుస్తకాలు, అప్పుల వివరాలు అందులో పెట్టండి. పి.ఎఫ్.లో నామినీగా ఎవరి పేరుందో అడగండి. పెళ్ళికి ముందు రాసిన పేరే ఉంటే మార్పించండి. మీ ఆధార్ కార్డులోనూ, బ్యాంకులోనూ మీ పేరు ఒకేలా ఉందో లేదో అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఆఫీసులో అకౌంట్స్ చూసేవారి పేరూ, ఫోను నంబరూ ఫైలు అట్ట లోపలి వైపు రాసి, అది ఏ అలమరలో ఉందో ఇంట్లో ఎదిగిన పిల్లలకి చెప్పండి.

ఆ నంబరు రాసుకున్నరోజే ఒకసారి ఫోను చేసి, పనేమీ లేకపోయినా, "అప్పట్లో మాకు జీతం ఆగకుండా చూశారు, సంతోషమండీ" అనండి.