మిల్సు కళాశాల విద్యార్థినుల సమ్మె

పెద్దల యెదుట పిల్లలు నోరెత్తరాదనుట మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్న మాట. గురువునకు శిష్యుడును, తండ్రికి కొడుకును ఎదురాడుట అవినయమని మనము పిల్లలకు బోధించుచుందుము. అయినను భాగవతము చదివిన తల్లులకు ప్రహ్లాదుని కథ తెలియనిది కాదు. చండామార్కులు చెప్పిన పాఠమెల్ల వినయముతో విని, తుదకు తన మనస్సునకు సత్యమని తోచినదానినే పలికిన బాలుడతడు. గురువులు ఇంటిపనులమీద పోయిన వేళ తోడి బాలురకు గూడ దానినే బోధించెను. కఠోపనిషత్తులోని నచికేతుడు, తండ్రి యజ్ఞమున వట్టిపోయిన గోవులను దానమిచ్చుచుండగా చూచి సహింపజాలక ప్రశ్నించెను. వీరిద్దరును పెద్దల నెదిరించినవారే. అయినను వీరిని దుర్వినీతులని ఎవ్వరును అనలేదు. కారణమేమన, నచికేతుడు తండ్రిని తప్పుపట్టి యూరకుండలేదు. తన్నుగూడ దానద్రవ్యములలో నొకటిగా నెంచుమని ముందునకు వచ్చెను. ఎదురు చెప్పినవాడే ఆ మాటకు తగిన మూల్యమును చెల్లింప బూనుకొనెను.

విద్యార్థులు తమ విద్యాలయపు పెద్దల నెదిరించిరన్న వార్త విన్నపుడెల్ల మేము దానిని ఈ కొలతతోనే కొలిచి చూతుము. అట్లు కొలువదగిన వృత్తాంతమొకటి 1990వ సంవత్సరమున అమెరికా సంయుక్తరాష్ట్రములలో జరిగినది. అది ఆడుపిల్లలకు సంబంధించినది గావున మన సోదరీమణులకు తెలియజేయవలెనని తలచితిమి.

కాలిఫోర్నియా రాష్ట్రమున, సాన్ ఫ్రాన్సిస్కో అఖాతమునకు తూర్పుగట్టున ఓక్లండు అను పట్టణము కలదు. మిల్సు కళాశాల యున్న చోటు అదియే. ఆ విద్యాలయము 1852లో బెనీషియా అను ఊర బాలికల పాఠశాలగా పుట్టినది. బంగారముకొరకు ఎగబడి వచ్చిన మగవారితో ఆ తీరము నిండియున్న దినములవి. ఆడుపిల్లకు పై చదువు చెప్పు చోటు దొరకుట మిక్కిలి అరుదు. 1865లో సూసన్ మిల్సును, ఆమె భర్త సైరస్ మిల్సును ఆ పాఠశాలను కొనిరి. ఈ దంపతులు అంతకు మునుపు సింహళద్వీపమున మిషను విద్యాలయమునందు పనిచేసినవారు. 1871లో వారు విద్యాలయమును ఓక్లండునకు మార్చిరి. 1884లో భర్త గతించెను. మరుసటి యేట పాఠశాలకు కళాశాలగా అధికారపత్రము లభించెను. 1890 మొదలు 1909 వరకు సూసన్ మిల్సు తానే అధ్యక్షురాలై దానిని నడపెను.

స్త్రీలకు ప్రత్యేక విద్యాలయమనగానే మనకు స్ఫురించునది సంకోచము. వయస్సు వచ్చిన పిల్లను మగపిల్లల నడుమ కూర్చుండబెట్టుటకు తల్లిదండ్రులు జంకుదురు గావున వేరు బడి పెట్టిరని మనము తలతుము. మిల్సు కళాశాలలో కాలక్రమమున ఆ గోడకు వేరొక యర్థము వచ్చెను. స్త్రీపురుషులు కలిసి చదువు తరగతిలో ముందుగా లేచి మాటలాడువాడు బాలుడు. సంఘమునకు నాయకుడు బాలుడు. బాలిక తనకు తెలిసిన జవాబును సైతము నోటనే నిలుపుకొనును. స్త్రీలకే ప్రత్యేకమైన చోట నాయకత్వము, వాదము, నిర్వహణము, లెక్కలు, ప్రయోగశాల అన్నియు ఆడుపిల్లలే చేసితీరవలయును. చేయుచుండగా భయము పోవును. ఇదియే ఆ కళాశాలను ప్రేమించినవారి విశ్వాసము.

ఆ విశ్వాసమునకు నిదర్శనముగా ఒక వనితను పేర్కొనవచ్చును. బార్బరా లీ అను నల్లజాతి యువతి ఇద్దరు బిడ్డల తల్లియై, తానొక్కతెయే వారిని పెంచుకొనుచు మిల్సు కళాశాలలో చదివి, 1973లో పట్టము పొందెను. విద్యార్థి దశలోనే నల్లజాతి విద్యార్థినుల సంఘమునకు నాయకురాలుగా నుండెను. పిదప ఆమె అమెరికా ప్రతినిధిసభలో సభ్యురాలయ్యెను. 2001 సెప్టెంబరులో యుద్ధాధికారమును అధ్యక్షునకు ఒప్పగించు తీర్మానము సభకు వచ్చినపుడు, 420 మంది అనుకూలముగా మతమియ్యగా, కాదన్న మతము ఆమెది యొక్కటియే. ఆమె తీర్పు తప్పో ఒప్పో ఎవరికి తోచినట్లు వారు చెప్పవచ్చును. నిండుసభలో ఒంటరిగా నిలిచి కాదనగల ధైర్యము మాత్రము ఒకనాట వచ్చునది కాదు.

ఇక 1990 నాటి సంగతి. అప్పటికి అమెరికాలో స్త్రీల కళాశాలలకు కష్టకాలము వచ్చి చాల యేండ్లయినది. 1960 ప్రాంతమున అట్టివి రెండు వందలకు పైగా నుండెను. పురుషుల కళాశాలలు స్త్రీలకు తలుపులు తెరచిన కొలది బాలికలు అటు పోవ మొదలిడిరి. వాస్సారు వంటి పేరుగల స్త్రీల కళాశాల సైతము 1969లో బాలురను చేర్చుకొనెను. మిల్సు కళాశాలలో పట్టపు తరగతులకు చదువు విద్యార్థినులు ఎనిమిది వందలకు లోబడియే యుండిరి. పై తరగతులలో పురుషులు అంతకు మునుపే చదువుచుండిరి గాని, పట్టపు తరగతులు మాత్రము స్త్రీలకే ప్రత్యేకములు. రాబడి చాలక, వెచ్చము తగ్గక, కళాశాల ధర్మకర్తలు చాల కాలము తర్కించి, 1990 మే 3వ తేదీన పట్టపు తరగతులలోనికి బాలురను గూడ చేర్చుకొందుమని తీర్మానించిరి.

ఆ మాట వినబడగానే విద్యార్థినులు భోరున నేడ్చిరి. ఏడ్చి యూరకుండలేదు. వారు తరగతులకు పోక, కార్యాలయముల వాకిళ్ల యెదుట బారులుదీరి కూర్చుండి లోనికి ఎవ్వరును పోకుండ అడ్డగించిరి. కొందరు తలలు గొరిగించుకొనిరి. సహవిద్య కంటె చావే మేలను నినాదమును వస్త్రములపై వ్రాసికొని తిరిగిరి. ఈ నినాదము మాకు రుచింపదు. ఇరువదియేండ్ల పిల్లలు చావును అంత తేలికగా నోట బట్టుట ఏ తల్లికిని ఇంపు గాదు. కాని వారి దుఃఖములోని న్యాయమును ఆ నినాదమును బట్టి త్రోసివేయరాదు. స్త్రీల కళాశాల యని నమ్మి వచ్చి చేరినవారు వారు. నమ్మి వచ్చినదానిని తమ్మడుగకయే మార్చివేసిరన్నదే వారి మొర.

ధర్మకర్తల పక్షమునను న్యాయము లేకపోలేదు. ఉపాధ్యాయుల యిండ్లలో మెలగు మావంటివారికి ఇది చక్కగా తెలియును. ఆశయము లెంత గొప్పవైనను, నెల తిరుగునప్పటికి జీతములు ఇయ్యవలెను, వానకు కారు కప్పు నేయించవలెను, పుస్తకములు కొనవలెను. కళాశాలయే మూతబడిన పిదప దాని ఆశయమును ఎక్కడ నిలుపుదురని వారడిగిన ప్రశ్న కల్ల గాదు. అధ్యక్షురాలగు మేరీ మెట్జు కూడ ఈ మార్పును సమర్థించెను. కాబట్టి ఇది మంచివారికిని చెడ్డవారికిని జరిగిన కలహము గాదు. ఇరుపక్షములవారును ఆ కళాశాల బ్రదుకవలెననియే కోరిరి. ఏది పోయినచో అది బ్రదికియు బ్రదుకనిదగునో, అచ్చటనే భేదము వచ్చెను.

సమ్మె పదునారు దినములు సాగెను. ఈ దినములలో జరిగిన పనియే మేము ముఖ్యముగా చెప్పదలచినది. విద్యార్థినులు వాకిళ్లయొద్ద కూర్చున్నంతలోనే ధర్మకర్తల మనస్సు మారలేదు. వారి ప్రశ్నకు జవాబు వెదకువారు బయలుదేరిరి. పూర్వవిద్యార్థినులు కళాశాల మూలధనమునకై కోటి డాలర్లు కూర్చి యిత్తుమని పూనిరి. ఆచార్యులు తమ పాఠములపై అదనముగా మరికొన్ని చెప్పుటకు ఒప్పుకొనిరి. క్రొత్త విద్యార్థినులను రప్పించుటకై అందరును పాటుపడుదుమని ముందునకు వచ్చిరి. వలదు అను మాట వెంట, ఈ భారము మేము మోయుదుము అను మాట వచ్చినది. అప్పుడు ధర్మకర్తలు మరల సమావేశమై, మే 18వ తేదీన తమ తీర్మానమును రద్దుచేసిరి. ధర్మకర్తల సంఘాధ్యక్షుడు వారెన్ హెల్మను, కళాశాల మరల స్త్రీలదే యని తెలుపు వ్రాతగల గుడ్డను విద్యార్థినుల యెదుట విప్పి చూపెను. రెండు వారములకు మునుపు ఏ బాలికలు దుఃఖముతో నేడ్చిరో వారే సంతోషముతో నేడ్చిరి. మేరీ మెట్జు ఆ వేసవిలోనే తన పదవిని వదలుకొనుచున్నట్లు ప్రకటించెను.

కథ ఇచ్చట ముగిసినచో వినుటకు ఇంపుగా నుండును. కాని సంస్థల చరిత్ర పెండ్లితో ముగియు నాటకము వంటిది గాదు. నడుమ కొన్నియేండ్లు విద్యార్థినుల సంఖ్య పెరిగెను. స్త్రీ యనగా ఎవరను ప్రశ్న వచ్చినపుడు, పుట్టుకచే పురుషులుగా వ్రాయబడియు స్త్రీలుగా జీవించు వారిని గూడ చేర్చుకొందుమని 2014లో కళాశాల నియమము చేసెను. అమెరికాలోని స్త్రీల కళాశాలలలో అట్టి నియమమును ముందుగా వ్రాసికొన్నది ఇదియే. కాని ధనపు చిక్కు వదలలేదు. 2017లో కళాశాల ఆర్థికముగా అత్యవసర స్థితిలో నున్నదని ధర్మకర్తలే ప్రకటించిరి; పలువురు ఆచార్యుల ఉద్యోగములు పోయెను. 2021 మార్చిలో, ఇక క్రొత్తవారిని కొన్నాళ్లకే చేర్చుకొని పిదప పట్టములిచ్చుట మానుదుమని తెలిపిరి. అటు తరువాత బోస్టను నగరపు నార్త్ ఈస్టర్ను విశ్వవిద్యాలయముతో విలీనము మాట వచ్చెను. పూర్వవిద్యార్థినులు న్యాయస్థానమునకు పోయిరి. న్యాయాధిపతి కొంతకాలము ఆపెను గాని, తుదకు 2021 సెప్టెంబరులో ధర్మకర్తలు విలీనమునకు సమ్మతించిరి. 2022లో అది నెరవేరెను. నేడు ఆ ఆవరణలో స్త్రీపురుషులు కలిసి చదువుచున్నారు.

ఇది విని, ఆ బాలికల కన్నీరంతయు వ్యర్థమైనదిగదా యని కొందరు నిట్టూర్తురు. మేము అట్లనుకొనము. 1990లో వారు నిలువకపోయినచో, తరువాతి ముప్పదియేండ్లలో ఆ కళాశాలలో చదివిన వేలకొలది ఆడుపిల్లలకు ఆ చోటు దొరకకుండెడిది. దీపము ఎల్లకాలము వెలుగలేదని, వెలిగినంతకాలము దాని వెలుతురున చదివినవారి చదువు లేకుండ పోవునా? అయితే మరియొక సత్యమును గూడ దాచరాదు. పదునారు దినముల ఉత్సాహము ఒక తీర్మానమును మార్పగలిగినది. ఏటేటను నూనె పోయు పనిని మాత్రము అది తనంతట తాను చేయలేకపోయినది. కోటి డాలర్లు కూర్చుట ఒక తరము పని. ప్రతి సంవత్సరమును క్రొత్త బాలికలు ఇదియే మాకు కావలెనని కోరి వచ్చుట తరతరముల పని. ఎంతమంది పూనికతో నిలిచినను, లోకము నడక వేరు దిక్కునకు సాగినపుడు ఒక్క సంస్థ ఎదురీదుట కష్టము. నాడు రెండు వందలకు పైగా నున్న స్త్రీల కళాశాలలు నేడు ఆ దేశమున నలువదికి లోబడియే మిగిలినవి.

మన తెలుగునాటను 1983లో తిరుపతియందు శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము వెలసినది. స్త్రీల కొరకు ప్రత్యేకముగా నడచు బడులును కళాశాలలును ఇంకను పెక్కు లున్నవి. వానిలో మన పిల్లలు చదువుచున్నారు. అవి సంకోచము కొరకు నిలిచియున్నవా, సామర్థ్యము కొరకు నిలిచియున్నవా యని తల్లులు అడిగి తెలిసికొనవలసియున్నది. గోడ ఒకటే యైనను, దాని లోపల పిల్లకు నేర్పునది ఒదుగుటయా, నిలుచుటయా అను దానిని బట్టి దాని విలువ మారును.

ఏనాడైనను మీ యింటి బాలిక బడినుండి వచ్చి, మా పెద్దలు చేసినది అన్యాయము, మేము ఎదిరింతుమని చెప్పినచో, వెంటనే గదిమి కూర్చుండబెట్టవలదు. వెంటనే వెన్ను తట్టి పంపనువలదు. అన్నము పెట్టి, చెంత కూర్చుండి, మూడు మాట లడుగుడు. మీరు కాపాడదలచినది ఏది? పెద్దలు చెప్పుచున్న చిక్కు ఏది, దానిని వారి నోటనే పూర్తిగా వింటిరా? ఆ చిక్కు తీరుటకు మీవంతుగా మీరు చేయబోవు పని ఏది? మొదటి ప్రశ్నకు ఏ పిల్లయైనను జవాబు చెప్పును. రెండవదానికి జవాబు చెప్పు పిల్లకు వివేకము కలదు. మూడవదానికి గూడ జవాబు చెప్పగలిగినచో, ఆ పిల్లను తల్లి నిస్సంశయముగా పంపవచ్చును. వీలైనచో తానును వెంట నడువవచ్చును.