అద్దపు తొట్టిలో చిన్ని చెఱువు



నేఁడు నేను మీతో ముచ్చటింపఁదలఁచిన ప్రాణి మిగుల చిన్నది. దాని పొడవు ఇంచుమించు ఒక అంగుళము. అది మంచినీటి రొయ్య. ఇంటిలో నొక అద్దపు తొట్టి యమర్చి, అందు నీటిమొక్కలు నాటి, అట్టి రొయ్యలను పెంచుట యెట్లు అనునది నా ప్రసంగ విషయము.

“రొయ్యల పెంపకము మాకుఁ గ్రొత్తయా? గోదావరి, కృష్ణా మండలములలో పొలములే చెఱువులైనవి గదా!” యని మీరనవచ్చును. ఆ పెంపకము అమ్మకమునకు. నేను చెప్పు రొయ్యలు కూరకును పనికిరావు, అంగడికిని పనికిరావు. అవి చూచుటకు మాత్రమే. చూచుటవలన నేమి ప్రయోజనమందురా? మన ఊరి చెఱువును మనము గట్టుమీఁదనుండియే చూచుచున్నాము. నీటి క్రింద జరుగు సంసారమును మనవలకుఁ జూపుటకు మన చేత నేమియు లేదు. ఈ తొట్టి ఆ చెఱువునకుఁ బ్రక్కనుండి తెఱచిన కిటికీవంటిది.

ఈ విద్యకు మూలమైన పరిశీలన యొకటి 1850 ప్రాంతమున లండను నగరమున జరిగెను. రాబర్టు వారింగ్టను అను రసాయన శాస్త్రజ్ఞుఁడు ఒక పాత్రలో బంగారుచేఁపలను, వాలిస్నేరియా యను నీటిమొక్కను ఉంచి చూచెను. మొక్క వెలుతురులో ప్రాణవాయువు నిచ్చుచుండెను. చేఁపలు బాగుగనే యుండెను. కాని కొంతకాలమునకు ముదురాకులు కుళ్లి నీరు చెడసాగెను. అంతట నతఁడు కొన్ని నీటినత్తలను విడిచెను. అవి కుళ్లిన యాకులను, పాచిని తినివేయఁగా నీరు మరల తేటపడెను. మొక్కయు, జంతువును, ఊడ్చి శుభ్రపఱచువాఁడును గూడిననే నీటి కాపురము నిలుచునని దీనివలనఁ దేలినది. మన తొట్టిలో ఊడ్చువాఁడు రొయ్యయే. ఇఁక కంటికిఁ గనఁబడని నాలవవాఁ డొకఁడు గలఁడు. వానిమాట తరువాతఁ జెప్పెదను. అసలు మర్మమంతయు వానియందే యున్నది.

మొదట తొట్టి. గుండ్రని గాజుగిన్నెలు చూచుటకు ముద్దుగా నుండును గాని, వానిలో నీరు కొంచెము. కొంచెము నీరు త్వరగా వేఁడెక్కును, త్వరగాఁ జెడును. పెద్ద తొట్టియే క్రొత్తవారికి సులభము. 18 అంగుళముల పొడవు, 12 అంగుళముల వెడల్పు, 12 అంగుళముల ఎత్తు గల తొట్టి చాలును. అందు దాదాపు 42 లీటర్లు పట్టును. ఇసుకతోఁ, గాజుతోఁ గలిపి బరువు 50 కిలోలు దాఁటును గనుక, కదలని బల్లమీఁద, సమతలముగా నుంచవలెను. ఎండ నేరుగాఁ బడుచోటును, పొయ్యి దగ్గఱను ఉంచరాదు. పైన నొక మూఁత యుండుట మేలు.

అడుగున ఏటి ఇసుకను పఱచవలెను. కొంచెము ముతకదైన మంచిది. బియ్యము కడిగినట్లు, కడుగునీరు తేటగా వచ్చువఱకుఁ గడిగి, రెండంగుళముల మందమునఁ బఱపుఁడు. దానిపై నొక పళ్లెము పెట్టి, నీటిని మెల్లగా పళ్లెముమీఁదఁ బోసినచో ఇసుక చెదరదు.

నీటిమాట మిగుల ముఖ్యము. బావినీరు కొంచెము కఠినమైనను భయము లేదు. రొయ్య తన పెంకు కట్టుకొనుటకు సున్నపుఁబాలు కావలెను. పంచాయతీ కొళాయినీటిలో బ్లీచింగుపొడి, అనఁగా క్లోరిను, ఉండవచ్చును. అట్టి నీటిని వెడల్పైన తొట్టిలో ఒక దినమంతయు నిలువయుంచిన క్లోరిను ఎగిరిపోవును. కొన్ని పట్టణములలోఁ గలుపు క్లోరమైను అట్లు పోదు. దానికి చేఁపల యంగళ్లలో దొరకు విఱుగుడు మందు వాడవలెను.

ఇచట పెద్దలకు ముఖ్యముగా విన్నవింపవలసిన దొకటి కలదు. రాగిబిందెలోని నీరు శ్రేష్ఠమని మనము తలఁతుము. రొయ్యకు నది విషము. చిత్రమేమనఁగా, మన నెత్తురున ఇనుమున్నట్లే రొయ్య నెత్తురున రాగి యున్నది. అయినను నీటఁ గరఁగిన రాగి దాని మొప్పలను జెఱచి ప్రాణము దీయును. కావున రాగిబిందెతోఁ గాని, రాగిచెంబుతోఁ గాని ఈ తొట్టికి నీరు పోయరాదు. మైలుతుత్తము ముట్టిన చేతులను, బోర్డో మిశ్రమము కలిపిన బాల్చీని దగ్గఱకు రానీయరాదు. పురుగుమందులును అంతే. రొయ్య పురుగులకు దాయాది. పురుగును జంపునది రొయ్యనును జంపును. దోమలకై చల్లు మందును, ముట్టించు చుట్టయు ఆ గదిలోఁ గూడదు.

పిమ్మట మొక్కలు. మన కాలువలలోఁ బెరుగు హైడ్రిల్లా, నాడావంటి పొడవైన యాకులు గల వాలిస్నేరియా, రెండును పెంచుటకు సులువైనవి. నీటిపై తేలుటకు అంతరతామర పిలకలు రెండు చాలును. అంతకు మించిన వెలుతురును మూసివేయును. అంగళ్లలో దొరకు జావా నాచు అను పచ్చని కుచ్చు రొయ్యపిల్లలకు మంచి దాఁగుడుచోటు. చెఱువునుండి తెచ్చిన మొక్కలను తిన్నగా తొట్టిలో నాటరాదు. వరిపొలముల మందు వానిని అంటియుండవచ్చును. తూనీఁగ పిల్లపురుగులు ఆకుల మాటున నక్కి వచ్చి రొయ్యలను వేటాడవచ్చును. కావున వేఱొక గంగాళములో రెండు వారములుంచి, నీరు తఱచుగా మార్చుచు, వెదకి చూచిన పిదపనే నాటవలెను. దినమునకు 6 మొదలు 8 గంటలు ఎల్.ఇ.డి. దీపపు వెలుఁగు చాలును. అధికమైనచో పాచి కమ్ముకొనును.

నీటిని వడకట్టుటకు స్పాంజి వడపోతయు, దానికి గాలి నూఁదు చిన్న యంత్రమును కొనవలెను. ఇతర వడపోతలు రొయ్యపిల్లలను లోనికిఁ బీల్చివేయును. స్పాంజి యట్లు చేయదు. పైఁగా ఆ నాలవవాఁడు కాపురముండుటకు అది మంచి యిల్లు.

ఇప్పు డా నాలవవానిఁ జెప్పెదను. నీటిలోని ప్రాణులు విసర్జించు మలినమునుండియు, మిగిలిన మేఁతనుండియు అమ్మోనియా పుట్టును. అది రొయ్యకు విషము. నీటిలో నుండు ఒక తెగ సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చును. అదియును విషమే. మఱియొక తెగ దానిని నైట్రేటుగా మార్చును. ఇది స్వల్పముగా నున్నంతకాలము హాని చేయదు, మొక్కలకు ఎరువగును. మన పొలములలో జరుగు పనియు నిదియే. ఈ జీవులను వేఱుచేసి వాని స్వభావమును 1890 ప్రాంతమున సెర్గేయి వినోగ్రాడ్‌స్కీ యను రష్యా దేశీయుఁడు నిరూపించెను. నలువది యేండ్లకుముందు వారింగ్టను పాత్రలోను ఇవి పనిచేసియుండెను. అతనికిఁ గనఁబడలేదు, అంతియే.

ఈ జీవులు మెల్లగాఁ బెరుగును. తొట్టి నిండినంతమాత్రమున అవి సిద్ధముగా నుండవు. పాలలో తోడు వేసి, రాత్రియంతయు కదలింపక యుంచిన గదా తెల్లవాఱునప్పటికి పెరుగగును! ఈ తొట్టికిని తోడు కావలెను. ఇదివఱకు బాగుగా నడచుచున్న తొట్టి యెవరియొద్దనైన నున్న, అందలి స్పాంజి ముక్కను గొనివచ్చి మన తొట్టిలో వేయుట మంచి తోడు. లేనిచో దినమునకొక చిటికెడు చేఁపమేఁత నీట వేయుచు వేచియుండవలెను. అది కుళ్లి అమ్మోనియా పుట్టును. దానిని దినుటకు సూక్ష్మజీవులు పెరుగును. తోడు లేని తొట్టి తోడుకొనుటకు నాలుగు వారములు మొదలు ఆఱు వారములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియుఁ బట్టును. అమ్మోనియాను, నైట్రైటును కొలుచు చుక్కలమందు అంగళ్లలో దొరకును. మేఁత వేయుచున్నను రెండును సున్నకు దిగినప్పుడే తొట్టి పండినదని యెఱుఁగవలెను.

నేనును మొదట తొందరపడితిని. నీరు అద్దమువలె మెఱయుచున్నది గదా యని, తొట్టి నింపిన మూఁడవనాఁడే పది రొయ్యలను విడిచితిని. వారము తిరుగకముందే పదియుఁ జచ్చినవి. తేటనీ రెల్ల మంచినీరు గాదని నాకుఁ దెలిసినది. రెండవ పర్యాయము నలువది దినములు ఖాళీనీటిని జూచుచుఁ గూర్చుంటిని. ఇంటివారు నవ్విరి. ఆకులమీఁద సన్నని జిగురుపొర పట్టినది. ఆ పొరయే రొయ్యకు అన్నము. ఆమీఁద విడిచిన వానిలో ఒక్కటియుఁ జావలేదు.

ఏ రొయ్యను దేవలెను? మన నదులలోని నీలకంఠ రొయ్య ఈ తొట్టికిఁ దగదు. అది జానెఁడుకు మించియుఁ బెరుగఁజాలును, దాని కొండెలు పొడవైనవి, చిన్నవానిని బ్రతుకనీయదు. పైఁగా దాని పిల్లలకు ఉప్పు కలిసిన నీరు కావలెను. ఈ రహస్యమును 1960 దశకపు తొలి సంవత్సరములలో మలయాదేశమున షావ్‌వెన్ లింగ్ అను శాస్త్రజ్ఞుఁడు కనుగొనెను. ఆ పిమ్మటనే దాని పెంపకము సాధ్యమైనది. మనకుఁ దగినది అంగళ్లలో ఎఱ్ఱచెర్రీ రొయ్య యని యమ్మునది. తూర్పు చైనా, తైవాను ప్రాంతపు వాఁగులు దాని పుట్టిల్లు. అచట దాని రంగు మట్టిరంగు. ఎంచి యెంచి పెంపఁగా ఎఱుపు వచ్చినది. దాని పిల్లలు మంచినీటనే, తల్లిరూపముతోనే పుట్టును.

పది రొయ్యలతో మొదలిడుఁడు. తెచ్చిన నీటితోనే వానినొక గిన్నెలోఁ బోసి, సన్నని గొట్టమునకు ముడివైచి, తొట్టినీటిని చుక్కచుక్కగా ఒక గంటసేపు గిన్నెలోనికి జాఱవిడువవలెను. పిదప వలతోఁ దీసి తొట్టిలో విడువవలెను. నీటి మార్పు ఒక్కసారిగా కలిగిన అవి తాళలేవు.

మేఁత కొంచెమే. రెండుమూఁడు దినముల కొకసారి, ఉడికించిన పాలకూర ఆకొకటి వేసి, కొన్ని గంటలకు మిగిలినదానిని దీసివేయవలెను. మన వీధుల బాదముచెట్టునుండి తానై రాలిన యెండుటాకు నొకదానిని గడిగి వేసినచో వారములకొలఁది దానిని గీఁకికొని తినును. వారమునకొకసారి పదవవంతు నీరు దీసి, నిలువయుంచిన నీరు పోయుఁడు. స్పాంజిని కొళాయి క్రిందఁ గడుగరాదు. తొట్టినుండి తీసిన నీటనే పిండవలెను. లేనిచో తోడు చచ్చును. ఆవిరియైన నీటికి బదులు వాననీరు పోయుట మేలు; ఆవిరి పోవును గాని దానిలోని లవణములు తొట్టిలోనే మిగులును.

మన దేశమున దీనికి ప్రధాన శత్రువు వేసవి. నీటివేఁడిమి 18 మొదలు 28 సెంటిగ్రేడు డిగ్రీలవఱకు రొయ్యకు హితము. 30 దాఁటినచో నీటిలోఁ గరఁగియుండు ప్రాణవాయువు తగ్గును. అప్పుడు మూఁత తీసి, సన్నని వల గప్పి, నీటిపైకి చిన్న పంకాగాలి తగులనీయవలెను. కుండలో నీరు చల్లఁబడు తీరుననే రెండు మూఁడు డిగ్రీలు దిగును.

కొన్నాళ్లకు రొయ్యవలెనే యున్న తెల్లని డొల్ల అడుగునఁ గనఁబడును. చచ్చినదని దిగులు పడవలదు. పాము కుబుసము విడిచినట్లు అది పెంకు విడిచినది. ఆ డొల్లను దీయరాదు. దానిని మరలఁ దిని సున్నము సంపాదించుకొనును. మఱికొన్నాళ్లకు ఒక తల్లి పొట్ట క్రింద ఇరువది, ముప్పది గ్రుడ్లు మోయుచుఁ గనఁబడును. కాళ్లతో వానికి ఎడతెగక నీరు విసరుచుండును. మూఁడు నాలుగు వారములకు ఆవగింజంత పిల్లలు నాచుమీఁద నడయాడును. ఆ దినమున మీ మనవలను బిలువుఁడు.

పిల్లలు పెరిగి తొట్టి నిండినప్పుడు తోడివారికి బంచిపెట్టుఁడు. ఊరి చెఱువులో మాత్రము విడువవలదు. దక్షిణ అమెరికానుండి పూవు అందమునకై పందొమ్మిదవ శతాబ్దపుఁ జివర మన దేశమునకుఁ దెచ్చిన గుఱ్ఱపుడెక్క మన కాలువల నెట్లు మూసివేసినదో మీరెఱుఁగుదురు.

ఒక్క చుక్క మందునకు ఈ తొట్టిలోని రొయ్యలన్నియు ఒక్కపూఁటలో నశించుట చూచిన బాలుఁడు, మందుడబ్బాను ఊరి చెఱువులోఁ గడుగువానిని ఊరకుండనీయఁడు. చెఱువునకును ఆ నాలవవాఁడే ఆధారము. వానిని బెంచుటకు ఓర్పు కావలెను; చంపుటకు ఒక క్షణము చాలును. ఓర్పు నేర్పవలసినవారు పెద్దలే.