డీజిల్ యంత్రశాలలో దేవతల విడిది

మూతపడిన విద్యుత్కేంద్రముల పునర్జన్మమును గూర్చి ముఖచిత్ర కథనము కావలెననియు, అది శుక్రవారము సాయంకాలమునకే అచ్చుకు చేరవలెననియు సంపాదకులవారి ఆజ్ఞ. పాత గోడలకు సున్నము కొట్టి లోపల ఫలహారశాల పెట్టుటయే కదా యని పెదవి విరుచు స్వభావము నాది. రోమునగరమున ఓస్టియెన్సె వీధిలోని మోంటెమార్టిని కేంద్రపు ఛాయాచిత్రములు చూచిన పిమ్మట ఆ విరుపు కొంత సడలినది.

చరిత్ర క్లుప్తముగా: విద్యుత్తు పురపాలకసంఘము చేతిలో నుండవలెనని 1909లో పౌరులు ఓటువేసి తేల్చిరి, 1912లో కేంద్రము వెలసినది, దానికై పాటుపడిన ఆర్థికవేత్త జొవాన్ని మోంటెమార్టిని మరుసటి యేటనే కన్నుమూయగా ఆతని పేరు దానికి నిలిచినది, 1933లో చెరి 7,500 అశ్వశక్తిగల రెండు డీజిల్ యంత్రములు వచ్చినవి, 1963లో అంతయు ఆగిపోయినది, 1997లో కాపిటొలైన్ ప్రదర్శనశాల మరమ్మతుల కారణమున శిల్పములు కొన్ని తాత్కాలికముగా ఇచ్చటికి తరలివచ్చి, విడిదికి దిగిన పెండ్లివారు ఊరు నచ్చి కాపురము పెట్టినట్లు స్థిరపడినవి.

నన్ను కట్టిపడవేసినది మాత్రము యంత్రశాలలోని యొక శిల్పపంక్తి: అమెజాను వీరనారులతో గ్రీకుల సంగ్రామము, నడుమ అథీనాదేవి. క్రీస్తుకు పూర్వము అయిదవ శతాబ్దమున గ్రీకు శిల్పులు తమ దేవాలయమునకై చెక్కిన ఈ పాలరాతి మూర్తులను, నాలుగు వందల యేండ్ల పిమ్మట రోమనులు పెకలించి తెచ్చి, గాయస్ సోసియస్ అను సేనాని పునర్నిర్మించిన అపోలో ఆలయపు నెత్తిన, కప్పు క్రింది త్రికోణమున అమర్చిరి. ఈ సోసియస్ క్రీ.పూ. 37లో జెరూసలేమును పట్టుకొని, 34లో విజయోత్సవము జరుపుకొని, ఆక్టియము నౌకాయుద్ధమున ఆంటోనీ పక్షమున నిలిచి ఓడి, గెలిచిన ఆక్టేవియనుని క్షమాభిక్షతో బ్రతికినవాడు. ఆ ఆలయము లోపలి ఫలకముపై ఊరేగు విజయయాత్ర ఆతనిది కాదు, ఆక్టేవియనునిదే యని పలువురు పండితుల అభిప్రాయము. కావున డీజిల్ యంత్రము సరసన దేవతలను నిలుపుట కనివిని యెరుగని సాహసమని పొగడువారితో నేనేకీభవింపజాలను. ఈ మూర్తులు పరుల ఇంట బ్రతుకనేర్చి రెండువేల యేండ్లయినది; పైగా ఎవరి గెలుపును చాటవలసిన పనిలేని కొలువు వానికి బహుశః ఇదియే.

నా పక్షపాతము యంత్రములవైపేనని ఒప్పుకొందును. మన హుస్సేన్ సాగరు గట్టున 1920లో వెలసిన విద్యుత్కేంద్రమును కూల్చి, ఆ చోట ఉద్యానమును సినిమాహాలును పెంచితిమి. ఒక్క యంత్రమునైన అచ్చటనే ఉంచియుండరాదా!

పెట్టెలో: పోపుగారి రైలు

తొమ్మిదవ పయస్ పోపుగారికై 1858లో తయారైన మూడు రైలుపెట్టెలు 2016 నుండి మోంటెమార్టిని కేంద్రముననే ఉన్నవి: ఒకటి ప్రార్థనామందిరము, ఒకటి సింహాసనశాల, ఒకటి భక్తులను ఆశీర్వదించుటకు తెరచియుంచిన వసారా. ఆయనకు ముందటి పోపు పదునారవ గ్రెగరీ తన రాజ్యమున రైలును అడుగే పెట్టనీయలేదు.