అరగంటలో పుల్ల క్యాబేజీ, సాసేజ్

ఉద్యోగం నుంచి ఇంటికి చేరేసరికి ఓపిక ఉండదు, పిల్లలేమో ఆకలంటారు. జర్మనీలో ఇల్లాళ్లకూ ఈ తిప్పలు తప్పవు. అప్పుడు వాళ్లని ఆదుకునేది సావర్‌క్రౌట్, అంటే పులియబెట్టిన క్యాబేజీ. సన్నగా తరిగిన క్యాబేజీలో కిలోకి సుమారు 20 గ్రాముల ఉప్పు కలిపి, నీరూరేదాకా పిసికి, జాడీలో అదిమి కొన్ని వారాలు ఉంచుతారు. వెనిగర్ అక్కర్లేదు. 1768లో కెప్టెన్ కుక్ నావికులకు స్కర్వీ రాకుండా దీన్నే ఓడలో నింపుకెళ్లాడు.

దీనికి ఆలివ్ నూనె, టొమాటో, వెల్లుల్లి కలిస్తే మధ్యధరా రుచి వస్తుంది. చదువుకో, ఉద్యోగానికో జర్మనీ వెళ్లిన మన అమ్మాయిలకూ ఇది తేలికే.

కావలసినవి (నలుగురికి): సాసేజ్‌లు 250 గ్రాములు, సావర్‌క్రౌట్ 3 కప్పులు, ఉల్లిపాయ 1, క్యాప్సికం 1, టొమాటోలు 2, వెల్లుల్లి రెబ్బలు 4, ఆలివ్ నూనె 2 చెంచాలు, మిరియాల పొడి కొంచెం.

తయారీ: వెడల్పాటి పెనంలో నూనె వేడిచేసి సాసేజ్ ముక్కల్ని ఎర్రగా వేయించి తీయండి. పచ్చి సాసేజ్ అయితే లోపలిదాకా ఉడకాలి సుమా! అదే నూనెలో ఉల్లి, వెల్లుల్లి, క్యాప్సికం, టొమాటో మగ్గించండి. నీళ్లు పిండిన సావర్‌క్రౌట్, సాసేజ్ కలిపి, మూతపెట్టి పది నిమిషాలు సన్న సెగమీద ఉంచండి. మిరియాల పొడి చల్లి బ్రెడ్‌తోనో, ఉడికించిన బంగాళాదుంపలతోనో వడ్డించండి.

విడిగా ఉప్పు వేయొద్దు. ఇంట్లో బీపీ ఉన్నవాళ్లుంటే సావర్‌క్రౌట్‌ని ముందే నీళ్లలో కడగండి. సాసేజ్ లాంటి ప్రాసెస్డ్ మాంసాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. అందుకే ఎప్పుడో ఒకసారి చాలు. మిగతా రోజుల్లో సాసేజ్ బదులు ఉడికించిన కాబూలీ శనగలు వేసుకోండి. పులుపు అదే, రుచీ తగ్గదు!