ఊరి బడా? ప్రత్యేక బడా?
ఆటిజం పిల్లల చదువుపై తల్లిదండ్రుల తర్జనభర్జన

జూన్‌లో బడులు తెరిచే వేళకు కొన్ని ఇళ్లలో పెద్ద చిక్కే వచ్చిపడుతుంది. పిల్లవాడికి అయిదేళ్లు నిండుతాయి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. ఆకలేస్తే నోటితో అడగడు, అమ్మ చెయ్యి పట్టుకుని గిన్నె దగ్గరికి లాక్కుపోతాడు. బొమ్మబండి చక్రం తిప్పుకుంటూ గంటలకొద్దీ కూర్చుంటాడు. కుక్కర్ కూత వేస్తే చెవులు మూసుకుని ఏడుస్తాడు. ఇలాంటి బిడ్డను ఊళ్లో బడిలో వేయాలా, పట్నంలో ప్రత్యేక పాఠశాలకు పంపాలా అన్నది తల్లిదండ్రులకు తేలని ప్రశ్న.

దీన్ని వైద్యులు ఆటిజం అంటారు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి దీన్నొక ప్రత్యేక స్థితిగా వర్ణించారు. ఇది దిష్టి కాదు, గాలి సోకడం కాదు. తల్లి ముద్దు చేయకపోవడం వల్ల వస్తుందని ఒకప్పుడు కొందరు వాదించారు. అది తప్పని తేలిపోయింది. టీకాలవల్ల వస్తుందంటూ 1998లో వెలువడిన వ్యాసాన్ని, అచ్చువేసిన వైద్య పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. మెదడు ఎదుగుదలలో పుట్టుకతోనే ఉండే తేడా ఇది. మందుతో పోయేది కాదు. అయితే చిన్ననాటి నుంచీ ఓపికగా నేర్పితే పిల్లలు ఎన్నో నేర్చుకుంటారు.

అక్కడే పల్లెల్లో కాలం వృథా అవుతోంది. "వాడి మేనమామకూ అయిదో ఏటగ్గానీ మాటలు రాలేదు" అని ఇంట్లో పెద్దలు సర్దిచెబుతారు. తాయెత్తులు కట్టిస్తారు. రెండో ఏట చూపించవలసిన బిడ్డ ఆరో ఏట ఆసుపత్రి మెట్లెక్కుతాడు.

ఊరి బడి వైపు

ఊరి బడే మేలనేవారి మాటలో బలముంది. బిడ్డ ఇంటి దగ్గరే ఉంటాడు. ఈడు పిల్లలను చూసి వరుసలో నిలబడడం, కంచం కడుక్కోవడం, తన వంతు వచ్చేదాకా ఆగడం నేర్చుకుంటాడు. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. ఏ తల్లినడిగినా చివరకు తేలే దిగులు ఒకటే: "మా తర్వాత వీడు ఎవరికి?" పదేళ్లు ఒకే బల్లమీద కూర్చున్న పిల్లలే రేపు ఊళ్లో పెద్దవాళ్లవుతారు. వీడెవరో, వీడి తీరేమిటో వాళ్లకు తెలిసి ఉంటుంది. చిన్నప్పుడే ఊరు దాటించిన బిడ్డ ఇరవయ్యో ఏట తిరిగివస్తే సొంత ఊళ్లోనే పరాయివాడవుతాడు.

ప్రత్యేక బడి వైపు

రెండో పక్షం మాటనూ తీసివేయలేం. ఒకే పంతులు రెండు మూడు తరగతులు చూసే బడిలో ఈ బిడ్డకు పాఠం ఎవరు చెప్పాలి? గంట మోగితే అదిరిపడతాడు, గోలకు తట్టుకోలేక బయటికి పరుగెత్తుతాడు. తోటిపిల్లలు "పిచ్చోడు" అంటారు. కొన్నాళ్లకు తల్లే కూలి మానుకుని బడి వరండాలో కాపలా కూర్చుంటుంది. హాజరు పట్టీలో పేరుంటుంది, చదువు ఉండదు. ప్రత్యేక పాఠశాలలో కొద్దిమంది పిల్లలకు శిక్షణ పొందిన టీచరు ఉంటారు. మాట నేర్పేవారు, చేతిపనులు నేర్పేవారు ఉంటారు. కాని అవి చాలావరకు పట్నాల్లోనే ఉన్నాయి. రోజూ బస్సు ఎక్కించి తీసుకుపోవడమో, హాస్టల్లో వదిలిపెట్టడమో చేయాలి. మాట రాని బిడ్డ అక్కడ తన కష్టం చెప్పుకోలేడు.

ఇంగ్లండు అనుభవం

ఈ తగువు మనకే పరిమితం కాదు. ఇంగ్లండులో మేరీ వార్నాక్ అనే తత్త్వవేత్త అధ్యక్షత వహించిన సంఘం 1978లో నివేదిక ఇచ్చింది. వికలాంగ పిల్లలను వీలైనంతవరకు మామూలు బడుల్లోనే చదివించాలన్న ఆలోచనకు అది ఊతమిచ్చింది. దాని ఆధారంగా 1981లో చట్టం వచ్చింది. ఆమే 2005లో మళ్లీ కలం పట్టి, ఈ ధోరణి శ్రుతి మించిందని రాశారు. పెద్ద బడుల్లో ఇమడలేక నలిగిపోతున్న పిల్లల్లో ఆటిజం ఉన్నవారిని ఆమె ప్రత్యేకంగా పేర్కొన్నారు. అందరూ ఒకే కప్పు కింద ఉండడం కాదు, అందరూ నేర్చుకోవడం ముఖ్యమన్నది ఆమె వాదన. అయితే ప్రత్యేక బడికి పంపినంత మాత్రాన సమస్య తీరదు. ఎక్కడున్నా చెప్పేవారుండాలి.

చట్టం ఏమంటోంది?

1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం ఊసే లేదు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్టు చట్టం దాన్ని గుర్తించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్లో దాన్నీ చేర్చింది. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉన్నట్టు ధ్రువపత్రం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత చదువు హక్కు ఉంది. దగ్గరి బడిలోనైనా సరే, ప్రత్యేక బడిలోనైనా సరే, ఎంచుకునే స్వేచ్ఛ ఆ చట్టం ఇచ్చింది. ఈ బిడ్డను చేర్చుకోబోమని చెప్పే హక్కు సర్కారు బడికి లేదు.

ప్రత్యేక టీచర్ల విషయంలో సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో తీర్పు ఇచ్చింది. ఇలాంటి పిల్లలకు ప్రాథమిక తరగతుల్లో పదిమందికి ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున టీచరు ఉండాలంది. పోస్టులు ప్రకటించి భర్తీ చేయాలని 2025 మార్చిలో రాష్ట్రాలను మళ్లీ ఆదేశించవలసి వచ్చింది. హక్కు కాగితం మీద ఉంది. దాన్ని తరగతి గదికి తెచ్చే మనిషి రావలసి ఉంది.

మధ్యే మార్గం

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మండలాల్లో నడిచే 'భవిత' కేంద్రాలు ఈ రెంటికీ నడుమ వంతెన వంటివి. పిల్లలు అక్కడ శిక్షణ పొందుతూ, ఊరి బడిలోనూ కొనసాగవచ్చు. కదలలేని పిల్లల ఇంటికే టీచరు వెళ్లే ఏర్పాటూ ఉంది. రాకపోకలకు, వెంట వచ్చేవారికి భత్యం ఇచ్చే వీలుంది. ఈ సంగతి తెలియక చాలామంది అడగడం లేదు.

మామూలు మాష్టారు చేయగలిగిందీ తక్కువేమీ కాదు. ప్రార్థన, పాఠం, భోజనం, ఆట, ఇల్లు - ఈ అయిదింటికీ బొమ్మలు గీసి గోడకు అంటిస్తే తర్వాత ఏం జరుగుతుందో బిడ్డకు తెలుస్తుంది, భయం తగ్గుతుంది. గంటకు దూరంగా కూర్చోబెట్టాలి. ఒక్కసారి ఒక్క మాటే చెప్పాలి. గోల ఎక్కువైతే కాసేపు కూర్చునేందుకు ఓ మూల చూపాలి. తోడుగా నిదానమైన ఓ పిల్లవాణ్ణి పెట్టాలి. వీటికి నిధులు అక్కరలేదు.

తల్లిదండ్రులు మొదట చేయవలసింది బిడ్డను జిల్లా ఆసుపత్రిలోని సత్వర చికిత్సా కేంద్రంలో చూపించడం. అంగన్‌వాడీకి, బడికి వచ్చే ఆరోగ్య బృందాన్ని అడిగితే అక్కడికి రాసి పంపుతారు. ధ్రువపత్రం తీసుకుని, బడిలో పేరు రాయించి, భవిత కేంద్రంలోనూ నమోదు చేయించాలి. ఆరు నెలలకోసారి బిడ్డ ఏం నేర్చాడో చూసుకోవాలి. ఊరి బడిలో ఏమీ అబ్బకపోతే ప్రత్యేక బడికి మార్చడం ఓటమి కాదు. అక్కడ మాట, పని నేర్చాక తిరిగి ఊరి బడికి తేవడమూ అసాధ్యం కాదు. సికిందరాబాదు మనోవికాస్‌నగర్‌లో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ ఇలాంటి పిల్లలకు సలహాలిస్తోంది, టీచర్లకు శిక్షణ ఇస్తోంది.

పాఠశాల యాజమాన్య కమిటీలో ఈ తల్లిదండ్రులు తమ గొంతు వినిపించాలి. తమ మండలంలో ఇలాంటి పిల్లలెందరు, ప్రత్యేక టీచర్లెందరు అని మండల విద్యాధికారిని రాతపూర్వకంగా అడగాలి. ఒక్క తల్లి అడిగితే అర్జీ బీరువాలో చేరుతుంది. పదిమంది కలిసి అడిగితే జవాబు చెప్పక తప్పదు.