కోసిన పూలకు దప్పిక



మార్కాపురమున రైలు దిగి శ్రీశైలము పోవువారికి మా పెద్దదోర్నాల త్రోవలోని ఊరు. ఇచ్చట దాటిన పిమ్మట నల్లమల కొండదారియే. గత వేసవిలో మా పెద్దమ్మగారు మల్లన్నకని గులాబీలు కొని, పగలంతయు ప్రయాణము చేసి మా యింట విడిసిరి. మేము వానిని చెంబునీటిలో నుంచి, అరటిపండ్ల అత్తము ప్రక్కన పెట్టి నిదురించితిమి. తెల్లవారునప్పటికి పూలన్నియు మెడలు వాల్చినవి. ఆమె ఒక్క మాటయు ననలేదు. అనిన బాగుండెడిది! నాటినుండి ఈ సంగతి శ్రద్ధతో విచారించితిమి.

కోసిన పూవు చచ్చినది కాదు. అది ఊపిరి తీయుచునే, ఆకులగుండ నీరు వదలుచునే యుండును. వేరు లేదు గనుక కాడయే త్రాగవలెను. కాడలోని నీటిగొట్టములు మిక్కిలి సన్ననివి. కోసినతోడనే వానిలో గాలి చొచ్చి అడ్డుపడును. పిదప నీటిలో సూక్ష్మజీవులు పెరిగి కాడమొదలును జిగురువలె మూయును. గులాబి మెడ వాల్చుట తరచుగ ముదిమిచేత గాదు, దప్పికచేత.

కావున కాడకొనను నీటిలో ముంచియుంచియే, పదునైన కత్తితో అంగుళము మేర ఏటవాలుగ కోయవలెను. మొద్దుకత్తెర గొట్టములను నలుపును. నీట మునుగు ఆకులను దూసివేయవలెను. దినదినము నీరు మార్చవలెను. పాత్రను లోపలకూడ తోమవలెను. మనలో పలువురము పై మెరుగు చూచుకొని లోపలి జిడ్డు మరతుము. లీటరు నీటికి ఒక చిన్నచెంచా చక్కెర, రెండు చెంచాల నిమ్మరసము కలుపవచ్చును. చక్కెర పూవునకు ఆహారము. పులుపు సూక్ష్మజీవులను కొంత అణచును. ఒట్టి చక్కెర మాత్రము ఆ జీవులకే విందగును.

మా మార్కాపురము, కనిగిరి ప్రాంతముల బోరునీటిలో పెక్కుచోట్ల ఫ్లోరైడు హెచ్చు. ఎముకలకు, దంతములకు దానివలని కీడు మనమెరిగినదే. గ్లాడియోలస్, జెర్బెరా పూలును దాని కోర్వలేవు. పట్టియుంచిన వాననీరు మేలు.

ఇక మా అరటిపండ్ల సంగతి. పండుచున్న అరటి, మామిడి పండ్లనుండి ఎథిలీను అను వాయువు వెలువడును. దీపములకు వాడు గ్యాసులో మొక్కలను చెరుపునది ఆ వాయువే యని 1901లో నెల్యుబోవ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు తెలిపెను. అది కాయను పండించును, పూవును వాడించును. పూజాపళ్లెరమున రెండును కొంతసేపు కలిసియున్న బాధ లేదు. రాత్రియంతయు ఒకచోట నుంచరాదు. ఫ్రిజ్జులోను ఇంతే.

మల్లెమొగ్గల తీరు వేరు. వానికి నీరు త్రాగ కాడ లేదు. ఎండ ముదరకమునుపే కోసి, బాగుగ పిండిన తడిగుడ్డలో చుట్టి, చల్లనిచోట నుంచవలెను. నీరోడునట్లు తడిపిన మచ్చలుపడి చెడును.

శివరాత్రికి పెద్దమ్మగారు మరల గులాబీలతో వచ్చిరి. ఈ మారు కాడలను నీటిలోనే కోసి, పండ్లబుట్టను వంటయింటికి పంపి, పూలను నీళ్లకుండ చెంత నుంచితిమి. వేకువను ఆమె బస్సెక్కునప్పుడు పూలు తలలెత్తియే యున్నవి. కాడలకు తడిగుడ్డ చుట్టి యిచ్చి, అరటిపండ్లు వేరుసంచిలో నుండవలెనని రెండుమార్లు చెప్పితిమి.