కిట్ సంచిలో షర్బత్ ఒలికితే

ఆ పిల్ల బడి క్రికెట్ జట్టులో ఆడుతుంది. బడి కిట్ సంచి ఇంటికి తెచ్చింది. లోపల షర్బత్ సీసా మూత ఊడింది. సంచంతా తడిసింది.

"ఇంక నన్ను ఆడనివ్వరమ్మా" అని ఏడ్చింది.

"ఏడవకే. ముందు సంచి ఖాళీ చెయ్యి" అంది తల్లి.

షర్బత్‌లో చక్కెర ఉంటుంది. తుడవకపోతే జిగురు కడుతుంది. చీమలు పడతాయి. తడి లోపలే ఉంటే బూజు పడుతుంది.

తల్లీకూతుళ్లు సామాను బయటికి తీశారు. పొడిగుడ్డతో తడి అద్దారు. తర్వాత తడిగుడ్డ గట్టిగా పిండి, జిగురు పోయేదాకా తుడిచారు. బ్యాటును, తోలు బంతిని నీళ్లలో ముంచలేదు. నీళ్లు పీలిస్తే బ్యాటు ఉబ్బుతుంది. తోలు పాడవుతుంది.

సంచి లోపల సబ్బునీళ్ల గుడ్డతో తుడిచారు. మళ్లీ ఒట్టి నీళ్ల గుడ్డతో తుడిచారు. జిప్పు తెరిచి, గాలి తగిలే నీడలో ఆరబెట్టారు. మండుటెండలో పెడితే తోలు బిరుసెక్కుతుంది. బ్యాటు పగులుతుంది. గ్లవ్స్ లోపల పాత పేపరు ఉండలు పెట్టారు. పేపరు తడి పీల్చుకుంటుంది.

రెండో రోజు తల్లి సంచి మూలల్లో చెయ్యి పెట్టి చూసింది. పొడిగా ఉంది. అప్పుడే సామాను సర్దనిచ్చింది.

"జరిగింది సారుకు చెప్పు. దాచకు" అంది.

పిల్ల చెప్పింది. సారు సంచి తెరిచి చూశారు. "ఇకనుంచి సీసా వేరే సంచిలో పెట్టుకో" అన్నారు. బ్యాటు చేతికిచ్చారు.